మలుపులో మనిషి ప్రాణం

నడక మానవునికి సహజసిద్ధమైన ప్రయాణ సాధనం. కాని నేటి నగరాలలో ప్రాణభయం లేకుండా రోడ్డు దాటడం కష్టమైపోయింది. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాలకు బలైన 1,68,491 మందిలో 32,825 మంది పాదచారులే.

మలుపు తిరిగే భారీ వాహనం పాదచారికి ప్రత్యేకమైన ముప్పు. పొడవైన లారీ తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో నడవవు. మలుపు లోపలివైపునకు జరిగి, కాలిబాట అంచును ఒరుసుకొంటూ పోతాయి. ముందుభాగం దాటిపోయింది కదా అని నిశ్చింతగా నిలిచిన మనిషి వాటి కింద పడే ప్రమాదమున్నది. ఎత్తయిన ఆసనంపై కుడివైపున కూర్చున్న డ్రైవరుకు ఎడమ తలుపు పక్కనున్నవారు కనిపించకపోవచ్చు.

అద్దాలు ఈ లోపాన్ని కొంతవరకే తీర్చగలవు. నేరుగా చూచినప్పటికంటె అద్దంలో చూచినప్పుడు డ్రైవరు స్పందించడానికి సుమారు 0.7 సెకను ఎక్కువ పడుతుందని ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ పరిశోధన తెలిపింది. గంటకు 24 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ ఆ వ్యవధిలో నాలుగున్నర మీటర్లకు పైగా సాగిపోతుంది.

అందుకే లండన్ నగరం 12 టన్నులకు మించిన లారీలలో డ్రైవరు కంటికి నేరుగా ఎంత కనిపిస్తుందో కొలిచి, సున్న నుండి ఐదు వరకు నక్షత్రాలిచ్చే విధానాన్ని 2021 మార్చి 1 నుండి అమలులోకి తెచ్చింది. మూడు నక్షత్రాలకు తగ్గిన లారీలు కెమెరాలు, సెన్సార్లు వంటి రక్షణ పరికరాలు అమర్చుకోవాలని 2024 అక్టోబరు 28 నుండి నిబంధనను కఠినతరం చేసింది. ఆ సెన్సార్లు వీధి స్తంభాలకు, ఆగివున్న వాహనాలకు మోగరాదు. స్తంభానికీ మనిషికీ ఒకే విధంగా మోగే గంటను ఏ డ్రైవరైనా త్వరలోనే పెడచెవిని పెడతాడు.

ఇది వ్యయంతో కూడిన పని అనేవారున్నారు. పాదచారులే జాగ్రత్తపడాలనేవారూ ఉన్నారు. జాగ్రత్త అవసరమే. కాని వినికిడి తగ్గిన వృద్ధుడు, ఎత్తు చాలని పసివాడు ఎంత జాగ్రత్తపడినా డ్రైవరు కంటికి కనిపించగలరా? భారీ వాహనాన్ని వీధిలోకి తెచ్చినవారిదే ప్రథమ బాధ్యత.

భారతదేశంలోనూ వాహనాలు ఎడమవైపే నడుస్తాయి. కనుక లండన్ అనుభవం ఇక్కడ ఉపకరిస్తుంది. జనసమ్మర్దంలో తిరిగే సిటీబస్సులు, చెత్తలారీలు, టిప్పర్లతో ఈ మార్పు ఆరంభం కావాలి. డ్రైవరు కంటికి మనిషి కనిపించేలా వాహనాన్ని నిర్మించడం మొదటి కర్తవ్యం. యంత్రపు హెచ్చరిక దానికి తోడు మాత్రమే కావాలి.