ఏ ఇంజెక్షన్ మంచిది అని అడిగేముందు

పోయిన నెల మేనకోడలి పెళ్ళికని పట్టుచీర బయటికి తీశాను. జాకెట్టు కుట్లు విప్పినా చేతులు పట్టలేదు. నాకు నలభై ఎనిమిదేళ్ళు. నెలసరి ఆగి ఏడాది దాటింది. తిండి పెరగలేదు, పని తగ్గలేదు, నడుము మాత్రం పెరుగుతూనే ఉంది.

పెళ్ళిలో మా పెద్దనాన్నగారి అమ్మాయి నాజూగ్గా కనబడింది. పక్కకు లాక్కెళ్ళి, "మౌంజారో వాడుతున్నానే, ఎవరితోనూ అనకు. నీకూ తెప్పించనా?" అంది. అప్పుడే వచ్చిన చిన్నవదిన, "వెగోవీ మంచిదంటున్నారు కదా వదినా" అని అందుకుంది. చీరల అంచులు పోల్చుకున్నట్టే, దేనికి ఎన్ని కిలోలో పోల్చుకుంటూ కూర్చున్నాం.

కిలోల లెక్కే అయితే జవాబు సులువు. మౌంజారోలో ఉండేది టిర్జెపటైడ్, వెగోవీలో సెమాగ్లుటైడ్. రెండూ వారానికోసారి వేసుకునే సూదులే, రెండూ ఆకలిని తగ్గిస్తాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి 72 వారాలు చూసిన పరిశోధనలో మొదటిదానితో సగటున 20 శాతం, రెండోదానితో 14 శాతం దాకా బరువు తగ్గింది. మరి ఎక్కువ తగ్గించేదే మంచిదా?

నేనూ అలాగే అనుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా బరువు రాసుకుని, "మీ అమ్మగారికి ఎముకలు ఎప్పుడైనా విరిగాయా?" అని అడిగారు. అమ్మ అరవై మూడో ఏట బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగి, ఆరు నెలలు మంచం మీదే ఉంది. "మందుతో తగ్గేటప్పుడు కొవ్వొక్కటే పోదండీ, కండ కూడా కొంత పోతుంది. నెలసరి ఆగాక ఎముక ఎలాగూ పలచబడుతుంది. ముందు మీ దగ్గర ఏముందో చూద్దాం" అని డెక్సా స్కాన్, థైరాయిడ్, మూడు నెలల షుగరు పరీక్ష రాశారు. ఎముకలు కాస్త పలచబడ్డాయని తేలింది. షుగరు గీత దగ్గర నిలబడి ఉంది.

మాత్ర అయితే భయం లేదనుకునేవాళ్ళకి ఒక మాట. ఓర్లిస్టాట్ మనం తిన్న కొవ్వులో కొంత ఒంటికి పట్టకుండా చేస్తుంది. దాంతోపాటు డి విటమిన్ కూడా సరిగ్గా పట్టదు. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఇక సూదులంటారా, పాంక్రియాస్ వాపు వచ్చినవాళ్ళూ, పిత్తాశయంలో రాళ్ళున్నవాళ్ళూ ముందే చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉంటే వీటి జోలికే పోకూడదు. నెలసరి ఇంకా పూర్తిగా ఆగనివాళ్ళలో టిర్జెపటైడ్ గర్భనిరోధక మాత్రల పనిని తగ్గించవచ్చు.

ఇంకోటి, ఇది పెళ్ళి దాకా వాడి ఆపేసేది కాదు. సెమాగ్లుటైడ్ ఆపినవాళ్ళకి ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు మళ్ళీ వచ్చిందని పరిశోధనలో తేలింది. మౌంజారో 2025 మార్చిలో మన దేశానికి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల సీసా ధర 4,375 రూపాయలు. వారానికొకటి. అక్క చీటీ డబ్బుతో రహస్యంగా కొంటోందట. డబ్బు చాలని వారం సూది మానేస్తోందట.

అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మా వారి బీపీ మాత్రలకి ఇంట్లో ఎవరూ లెక్క అడగరు. నా ఒంటికయ్యే ఖర్చు మాత్రం నేనే పదిసార్లు కూడి, తీసేసి, చివరికి నోరు మూసుకుంటాను. మందు వాడటం బద్ధకమూ కాదు, సిగ్గుపడాల్సిందీ కాదు. దాచిపెట్టి, డాక్టరు లేకుండా వాడటమే ప్రమాదమని నా అభిప్రాయం.

ఆ రాత్రే రిపోర్టులు ఆయన ముందు పెట్టాను. మూడు నెలలు పప్పు, గుడ్డు, పెరుగు పెంచి, వారానికి మూడుసార్లు బరువులెత్తాలి. అప్పటికీ షుగరు దిగకపోతే తక్కువ మోతాదులో సూది మొదలు. ఇదీ డాక్టరమ్మా నేనూ కలిసి అనుకున్నది. ఎన్ని కిలోలు తగ్గుతుందన్నదాన్ని బట్టి కాదు, ఏది నా ఎముకలు కాపాడుకుంటూ ఏళ్ళ తరబడి కొనసాగించగలనో దాన్ని బట్టి ఎంచుకుంటాను.

నిన్న అక్కకి ఫోన్ చేసి, "నీకు ఎముకల పరీక్ష చేశారా?" అని అడిగాను. "ఎవరు చేస్తారే, మందుల షాపతను ఇచ్చాడు" అంది. శనివారం ఇద్దరం కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నాం. మీ అక్కో వదినో ఇలా గుట్టుగా వాడుతుంటే, ఏ మందని అడిగి ఊరుకోకండి. తోడు వెళ్ళండి.