సర్కారు తుమ్మను కొడితే చాలదు

చెరువు కట్టల మీద, వాగు గట్లమీద, ఊరి బీళ్లలో ఎక్కడ చూసినా కనిపించే సర్కారు తుమ్మ ఈ నేలలో పుట్టింది కాదు. 1870ల్లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారులు వంటచెరకు కొరత తీరుతుందని జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. పేరులోనే ఆ సంగతి ఉంది. నాడు సర్కారు నాటించిన కంపను నేడు సర్కారే డబ్బు పోసి కొట్టిస్తోంది. ఆ డబ్బులో చాలా భాగం మట్టిపాలవుతోందన్నది నా అభిప్రాయం. ఎందుకంటే కంప కొట్టినందుకు బిల్లు ఇస్తున్నాం, అది మళ్లీ లేవకుండా కాపాడినందుకు ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు.

ఈ చెట్టు తీరు తెలిస్తే పొరపాటు ఎక్కడుందో తెలుస్తుంది. నేల మట్టానికి నరికితే మిగిలిన మొద్దు నుంచి గుంపుగా పిలకలు వస్తాయి. ఒక మాను ఉన్నచోట నాలుగైదు కొమ్మల పొద తయారవుతుంది. మునుపు మనిషి నడిచిన దారిలో మేక కూడా దూరలేదు. ఆకును ముట్టని పశువులు తియ్యటి కాయలను మాత్రం ఇష్టంగా తింటాయి. గట్టి పెంకు వల్ల గింజ అరగకుండా పేడలో బయటపడి అక్కడే మొలుస్తుంది. వాగు మరికొన్నింటిని దిగువ ఊళ్లకు మోసుకుపోతుంది. నేలలో పడిన గింజ ఏళ్ల తరబడి చావదు. ఇలాంటి చెట్టును జేసీబీతో పైపైన గీకించి, ఎకరాల లెక్కన కొలిచి, పని ముగిసిందని రాసుకుంటే రెండు వానల్లో కట్ట మళ్లీ పచ్చబడుతుంది. అడుగు లోతు దాకా వేరుతో సహా పెళ్లగించాలి. తొలకరి తర్వాత మొలకలు లేతగా ఉన్నప్పుడే చేత్తో పీకించాలి. ఇది కనీసం మూడేళ్లు సాగాలి. గుత్తేదారు సొమ్ములో మూడో వంతు మూడో ఏడు చూశాకే చెల్లించాలి.

పేదల పొయ్యిలో మండేది ఈ కంపే, బొగ్గు బట్టీల మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి, తీసేస్తే వాళ్ల గతేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే వేళ్లతో పెళ్లగించినా కట్టె వస్తుంది, పైగా మొద్దు కట్టె కలిసి వస్తుంది. మూడేళ్ల కలుపుతీత కూలి కూడా ఆ కుటుంబాలకే దక్కేలా చూడవచ్చు. బొగ్గు వ్యాపారమే కంపను అదుపు చేస్తుందన్న వాదనను మాత్రం ఒప్పుకోలేను. గుజరాత్‌లోని బన్నీ గడ్డిభూముల్లో 1961 ప్రాంతంలో అటవీ శాఖ ఈ చెట్టును నాటించింది, అది గడ్డిని మింగింది. 2004లో బొగ్గుకు అనుమతి ఇచ్చి 2008లో మళ్లీ ఆపేశారు, కంప మాత్రం పోలేదు. బట్టీ వాడికి ఏటా మొద్దు చిగురిస్తేనే లాభం. అతని చేత వేరు తీయించాలంటే వేరుకే ధర కట్టాలి.

బోడి నేలకు ఈ పచ్చదనమైనా ఉండనివ్వమనే వాళ్లూ ఉన్నారు. చౌడు నేలల్లో, ఇంకేదీ బతకని గుట్టవాలుల్లో ఉండనిద్దాం. ఉన్నదంతా ఒక్కసారి తీసే శక్తి ఏ పంచాయతీకీ లేదు కూడా. ముందు చెరువులోకి నీరు తెచ్చే కాలువలు, కట్ట, తూము, అలుగు. తర్వాత పశువుల మేత బీళ్లు. ఎగువ నుంచి దిగువకు రావాలి, లేకపోతే నీళ్లే విత్తనం చల్లుతాయి. తీసిన చోట గడ్డి విత్తనం, బీళ్లలో వేప, కానుగ, జమ్మి వేయాలి. దసరాకు మనం మొక్కే జమ్మి ఈ కంపకు దగ్గరి చుట్టమే. అయినా దాని ఆకును మేకలు తింటాయి, కింద పైరూ పండుతుంది.

ఈ వానాకాలం కంప పనికి తీర్మానం రాసే సర్పంచులకు ఒక్క మనవి. ఎన్ని ఎకరాలు కొట్టాలో రాసే కాగితంలోనే, మూడేళ్ల దాకా ఆ నేలను చూసుకునే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాయించండి.