వెండికి టంకశాలలు మరల తెరువవలెను

అమెరికా ప్రభుత్వము సెనేటరు వోల్కాటు మొదలగు దూతలను లండనునకు పంపి, ఫ్రాన్సుతో ఏకమై, హిందూదేశపు టంకశాలలను వెండికి మరల తెరచినయెడల, పదునైదున్నర తులముల వెండికి ఒక తులము బంగారము చొప్పున తమ టంకశాలలను గూడ తెరచెదమని ప్రతిపాదింపగా, సిమ్లా ప్రభుత్వమువారు ఈ 1897 సెప్టెంబరులో కూడదని వ్రాసి పంపిరి. మన పేరిట చెప్పిన ఆ మాటను మనలో ఎవరినడిగి చెప్పిరి?

1835 మొదలు ఈ దేశమున వెండిగల ప్రతివాడును స్వల్పమగు రుసుము చెల్లించి దానిని రూపాయలుగా కొట్టించుకొనుచుండెను. ఆ హక్కును 1893 జూన్ 26వ తేదీన ఒక్క సమావేశములోనే శాసనము గావించి తుడిచివేసిరి.

దాని ఫలమును ఈ 1897వ యేటి కరవులో దత్తమండలములు చూచుచున్నవి. మన రైతునకు బ్యాంకు లేదు. పండిన యేట మిగిలినది భార్య కాలి కడియములగును, బిడ్డ మొలత్రాడగును, ఎండిన యేట అవియే గింజలగును. ధాత నామ సంవత్సరపు (1876–77) కరవులో షావుకారు ఆ కడియమును తూచి, తరుగు తీసి, తక్కినదానికి రూపాయి తూకమునకు రూపాయి ఈయగలిగెను. ఏలయన బొంబాయి టంకశాల దానిని కాదనదు. నేడో, కంసాలి కడియమును విరిచి, గీటురాతిపై గీచి, మేలిమియని యొప్పుకొనిన పిమ్మటనైనను, రూపాయిలోని 165 గ్రెయినుల మేలిమికి సరితూగు వెండికి రూపాయిలో సుమారు మూడింట రెండు వంతులే ముట్టుచున్నది. శిస్తు మాత్రము నిండు రూపాయలలోనే కట్టవలెను. కడియము తరుగలేదు, వెండి చెడలేదు, శాసనము చెడినది.

ఇది దోపిడి. ప్రతి యేట లండనునకు బంగారముతో చెల్లింపవలసిన హోం చార్జీల (ఇంగ్లండులో ప్రభుత్వ వ్యయముల) భారము తగ్గించుకొనుటకై, కోట్లమంది ఇండ్లలోని వెండి విలువను హరించిరి. టంకశాలలు మూసిన ఆ 1893లోనే దొర యుద్యోగులకు మారకపు నష్టము క్రింద ప్రత్యేకభత్యము మంజూరయ్యెను. రైతు నష్టమునకు భత్య మెక్కడ?

వెండి తనంతట పడలేదు. 1871 తరువాత జర్మనీ, 1873లో అమెరికా దానిని వెలివేసినందున పడినది. ఆ 1873 శాసనమును ఘోరాపరాధమని అమెరికా కర్షకులు నేటికిని నిందించుచున్నారు. నిరుడు, 1896 అధ్యక్ష ఎన్నికలో, వెండిని కోరిన బ్రయను పక్షమున అరువది లక్షలకు మించి వోట్లు పడెను. ఆయన ఓడినను, గెలిచిన మెకిన్లీయే వెండికొరకు దూతలను పంపవలసివచ్చెను. ప్రజ నోరు విప్పినచోట ప్రభుత్వము కదలును.

వర్తకులకు మారకపు రేటు నిలుకడగా నుండవలెనందురు. వారి నిలుకడకు మన కడియములా వెల? వెండి వెల్లువై దేశమును ముంచునందురు. 1835 మొదలు ఏబదియెనిమిదేండ్లు తలుపులు తెరచియే యుండెను, దేశము మునుగలేదు.

కావున ప్రతి గ్రామమువారును మహజరులు వ్రాసి, వ్రాలు రానివారు వేలిముద్రలైన వేసి, చెన్నపట్టణపు శాసనసభకును, ఈ 1897 డిసెంబరులో బీరారు అమరావతిలో కూడనున్న కాంగ్రెసునకును పంపుడు. ఒక్క కోరికయే వ్రాయుడు: కలకత్తా, బొంబాయి టంకశాలలను వెండికి మరల తెరువవలెను.