డిక్కీ తెరవమంటే "బండి ఎవరిది?" అన్నాడు

మా కారుకు రెండు తాళంచెవులు. ఒకటి తలుపులకూ ఇంజనుకూ, రెండోది డిక్కీకి. కొత్త కార్లున్న ఇళ్ల పిల్లలకు ఇది వింతగా ఉండవచ్చు. మాది ఇద్దరి చేతులు మారి వచ్చిన బండి. ఎప్పుడో వెనకనుంచి ఎవరో గుద్దితే, పాత యజమాని డిక్కీ తలుపుతో పాటు దాని తాళం కూడా మార్పించాడట. డ్రైవరు సీటు పక్కన డిక్కీ తెరిచే మీట ఉంది గానీ దాని తీగ తెగిపోయి చాలా కాలమైంది. బాగు చేయించాలని రెండు బదిలీల పాటు అనుకుంటూనే ఉన్నాము.

2025 జూన్‌లో భిలాయికి బదిలీ అయింది. వైశాలి నగర్‌లో ఇల్లు దొరికింది. సామాను లారీలో, మేము కారులో బయలుదేరాము. ముఖ్యమైన కాగితాలు లారీలో వేయకూడదన్నది బదిలీల ఇళ్లలో అందరికీ తెలిసిన సూత్రమే కదా. పిల్లల టీసీలు, మార్కుల జాబితాలు, గ్యాస్ బదిలీ కాగితం, కారు ఆర్‌సీ అన్నీ ఒక ఫైలులో పెట్టి డిక్కీలో భద్రం చేశాము. డిక్కీ మూయడానికి తాళంచెవి అక్కర్లేదు, గట్టిగా వేస్తే పడుతుంది. పడింది. తాళంచెవి వంటింటి గట్టు మీద ఉండిపోయింది. సామాను సర్దినవాళ్లు గట్టు మీదున్న గరిటెలతో పాటు దాన్నీ ఏదో అట్టపెట్టెలోకి ఊడ్చేశారు. అట్టపెట్టెలు 43. సోమవారం ఉదయం పిల్లలను బడిలో చేర్చాలి. ఈ సంగతి మాకు తెలిసింది శనివారం మధ్యాహ్నం.

కారు చుట్టూ చిన్న సభ చేరింది. సలహాలకు కొదవ లేదు. టెన్నిస్ బంతికి చిల్లు పెట్టి తాళం మీద గట్టిగా నొక్కితే గాలి ఒత్తిడికి తెరుచుకుంటుందని ఒక కుర్రాడు ఫోనులో వీడియో చూపించాడు. పిల్లలూ, అది అబద్ధం. తాళం లోపలి పలకలను కదిపేటంత బలం ఆ చిటికెడు గాలికి ఉండదు. కావాలంటే సైన్సు మాస్టారిని అడగండి. ఇంకొకాయన ఉలి, సుత్తి తెమ్మన్నారు. తాళం పోతుంది, రేకు సొట్టపడుతుంది, అప్పటికీ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. పక్కింటి తాతగారు మాత్రం అంతా విని, "ఏటమ్మా ఈ గొడవ, సుపేలాలో చాబీవాలా ఉన్నాడు, కబురెడతానుండండి" అన్నారు. ఆయనది శ్రీకాకుళం వైపు. ఉక్కు కర్మాగారంలో పనిచేసి విరమించారు. భిలాయిలో ఇలాంటి తెలుగు గొంతు ఏ వీధిలోనైనా ఎదురవుతుంది.

చాబీవాలా సైకిలు మీద వచ్చాడు. వెనక చిన్న చెక్కపెట్టె. దిగాడు, తాళం వంక చూశాడు, ముట్టుకోలేదు. హిందీలో అడిగాడు: "బండి ఎవరిది?"

"మాదే."

"కాగితం?"

"డిక్కీలోనే ఉంది. నువ్వు తెరిస్తే చూపిస్తాము."

అతడు నవ్వాడు. "అందరూ అదే అంటారు మేడమ్‌జీ."

చెప్పొద్దూ, మాకు ఒళ్లు మండింది. మా ఇంటి ముందు, మా కారు దగ్గర, మా పిల్లల ఎదుట ఆ మాట! బండి మీద ఆంధ్రప్రదేశ్ నంబరు. దుర్గ్ జిల్లా నంబరు సీజీ 07తో మొదలవుతుంది, వీధిలో బళ్లన్నీ అవే. పరాయి నంబరుతో ఉన్నది మాదొక్కటే. తాతగారి వైపు చూశాము, ఆయన ఒక మాట చెబుతారని. ఆయన తల గోక్కున్నారు. "ఈరు మంచోళ్లలాగే ఉన్నారు బాబూ. కానీ వచ్చి మూడు రోజులే అయింది. నానేటని చెప్పేది?" అన్నారు.

చివరికి ఫోను గుర్తొచ్చింది. డిజిలాకర్‌లో ఆర్‌సీ ఉంది. ఇలా ఫోనులో చూపే ఆర్‌సీ, లైసెన్సు చెల్లుతాయని 2018లోనే కేంద్రం నిబంధనలు మార్చింది. ఆర్‌సీ మీద పేరు, గుర్తింపు కార్డు మీద పేరు, బండి నంబరు మూడూ పోల్చి చూసుకుని, చాబీవాలా తన పెట్టెలోంచి ఒక నోటు పుస్తకం తీశాడు. తేదీ, నంబరు, పేరు, ఫోను రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. అప్పుడు గానీ తాళం మీద చెయ్యి వేయలేదు.

ఆ రోజు కోపం వచ్చింది గానీ, అతడు చేసింది సరైన పని అని ఇప్పుడు గట్టిగా అంటాము. ఊళ్లో ఏ కారునైనా తెరవగల మనిషి అతడు. ఆ విద్యకున్న తాళం ఆ ఒక్క ప్రశ్నే. మమ్మల్ని అడగనివాడు, రేపు మేము లేనప్పుడు మా కారు దగ్గర నిలబడి "ఇది నాదే" అనేవాణ్ణి మాత్రం ఎందుకు అడుగుతాడు?

మనలాంటి వాళ్లకు ఈ ప్రశ్న మరీ గుచ్చుకుంటుంది. మూడేళ్లకో, నాలుగేళ్లకో కొత్త ఊరు. బ్యాంకులో, ఆస్పత్రిలో, అద్దె ఇంటి గుమ్మంలో ఎవరు మీరు, ఎక్కడినుంచి వచ్చారు అన్నదే మాట. చివరికి కారుకు కూడా. వేరే రాష్ట్రంలో ఏడాది దాటి ఉంచుకుంటే బండికి అక్కడి నంబరు వేయించాలి. ఈ బాధ తగ్గించడానికే 2021లో బీహెచ్ నంబర్లు వచ్చాయి. కేంద్ర ఉద్యోగులు ఆ నంబరు తీసుకుంటే రాష్ట్రం మారినప్పుడల్లా మార్పించనక్కర్లేదు. అది మంచి మార్పే. అయినా నంబరు పలక మీద ఏ అక్షరాలున్నా వీధి మనల్ని తెలుసుకోవడానికి కొంత కాలం పడుతుంది. తాతగారు అబద్ధపు సాక్ష్యం చెప్పనందుకు అప్పుడు చిన్నబుచ్చుకున్నాము. ఇప్పుడైతే ఆ వీధిలో మేము అందరికంటే నమ్మేది ఆయననే.

ఇక అతడు తాళం తెరిచిన తీరు చెప్పాలి. తాళం పగలగొట్టలేదు. పళ్లు కోయని ఒక తాళంచెవిని తీసుకుని రంధ్రంలో పెట్టి, అటూ ఇటూ గట్టిగా తిప్పి బయటికి తీశాడు. ఎండకు పట్టి చూశాడు. లోపలి ఇత్తడి పలకలు ఎక్కడ అడ్డుపడ్డాయో అక్కడ సన్నటి గీత పడుతుంది, మన కంటికి కనపడనంత. ఆ గీత ఉన్నచోట ఆకురాయితో రెండు రాపిళ్లు. మళ్లీ పెట్టడం, తిప్పడం, చూడడం, రాయడం. ముప్పావుగంటలో ఎన్నిసార్లు పెట్టి తీశాడో లెక్క తప్పింది. తాళం తన తాళంచెవి ఆకారాన్ని తానే కొంచెం కొంచెంగా చెప్పిందన్నమాట. కొత్త కార్లలో ఇంకో చిక్కు ఉంది. తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. పళ్లు సరిపోయి తలుపు తెరుచుకున్నా, చిప్ కలవకపోతే ఇంజను కదలదు.

ఈ పని మధ్యలోనే మా చిన్నవాడికి ఒక ఆలోచన వచ్చింది. వాడికి ఎనిమిదేళ్లు. వెనక సీటు వీపు భాగం విప్పితే సందు దొరుకుతుందట, తను పాకి వెళ్లి ఫైలు తెస్తాడట. ఆలోచన తెలివైనదే. చాలా కార్లలో వెనక సీటు మడిస్తే డిక్కీలోకి దారి దొరుకుతుంది. మేము సరే అనబోయాము కూడా. చాబీవాలా ఆకురాయి కింద పెట్టేశాడు. "పిల్లవాణ్ణి లోపలికి పంపిస్తే నేను వెళ్లిపోతాను" అన్నాడు.

తాతగారి ముఖం మారిపోయింది. అంతకు నెల ముందే, మే 18న, విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కారు. తలుపులు పడిపోయాయి. ఎవరూ చూడలేదు. నలుగురూ పోయారు. ఏప్రిల్‌లో చేవెళ్ల దగ్గర దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు ఇలాగే. ఎండలో మూసి ఉన్న కారు లోపల వేడి పది నిమిషాల్లోనే పది డిగ్రీల వరకు పెరుగుతుంది. డిక్కీలో అయితే కిటికీ కూడా లేదు, చూసేవాళ్లకు చెయ్యి ఊపే వీలూ లేదు.

అమెరికాలో 1998 వేసవిలో మూడు వారాల్లో పదకొండుమంది పిల్లలు కార్ల డిక్కీల్లో చిక్కుకుని చనిపోయారు. ఆ తర్వాత అక్కడ ఒక నియమం వచ్చింది. 2001 సెప్టెంబరు 1 నుంచి తయారయ్యే ప్రతి కారు డిక్కీలోనూ లోపలినుంచి తెరుచుకునే ఏర్పాటు ఉండాలి. చీకట్లో మెరిసే చిన్న పిడి అది, లాగితే చాలు. మన వీధిలో నిలిపి ఉన్న కార్ల డిక్కీల్లో వెతకండి, పెద్దవాళ్లు పక్కనుండగా, తలుపు తెరిచి ఉంచి, బయట నిలబడే. మేము వెతికిన వాటిలో కనపడలేదు. ఇక్కడ కూడా అది తప్పనిసరి కావాలి. పెద్ద తెరలూ పాటలూ పెట్టి కార్లు అమ్మేవాళ్లకు ఒక పిడి భారమా?

బండి ఎవరిది అన్న ప్రశ్న అడగకూడని సమయం కూడా అదొక్కటే. లోపల మనిషి ఉంటే కాగితాలు వద్దు, చాబీవాలా కోసం ఎదురుచూడడం వద్దు. పెద్దగా అరిచి జనాన్ని పిలవండి, 112కు ఫోను చేయించండి, పెద్దవాళ్లతో అద్దం పగలగొట్టించండి. లోపలి మనిషికి దూరంగా ఉన్న అద్దం. అద్దం ఎవరిదన్న మాట తర్వాత చూసుకోవచ్చు.

సాయంత్రం అయిదు దాటాక డిక్కీ తెరుచుకుంది. ఫైలు వేడెక్కి ఉంది తప్ప టీసీలకు ఏమీ కాలేదు. చాబీవాలా మూడు వందల యాభై తీసుకున్నాడు. అదే అచ్చుతో రెండో తాళంచెవి కూడా కోసి ఇచ్చాడు. మీట తీగ కూడా ఆ వారమే వేయించాము.

అసలు తాళంచెవి మూడు వారాల తర్వాత, నలభయ్యో పెట్టెలో, పోపుల డబ్బా అడుగున దొరికింది. ఇప్పుడు అది తాతగారింట్లో, క్యాలెండరు మేకుకు వేలాడుతోంది. ఆర్‌సీ నకలు ఒకటి కూడా ఆయన దగ్గర ఉంచబోయాము. "మీరెవరో నాకు తెలీదేటి?" అని తిరిగి ఇచ్చేశారు.