కోచ్‌ను తిడితే జట్టు గెలుస్తుందా?

2010 జూన్ 20. దక్షిణాఫ్రికాలోని నైస్నా పట్టణం. ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఆడటానికి వచ్చిన ఫ్రాన్స్ జట్టు ఆ రోజు అభిమానుల ముందు ప్రాక్టీసు చేయాలి. ఆటగాళ్లు వచ్చారు, ఆటోగ్రాఫులు ఇచ్చారు. అంతలో కెప్టెన్ ఎవ్రాకూ ఫిట్‌నెస్ కోచ్‌కూ మైదానంలోనే మాటామాటా పెరిగింది. ప్రధాన కోచ్ రేమండ్ డొమెనెక్ మధ్యలో దూరి ఇద్దర్నీ విడదీశారు. ఆటగాళ్లంతా వెళ్లి బస్సెక్కి, కర్టెన్లు వేసుకుని కూర్చున్నారు. కాసేపటికి డొమెనెక్ చేతిలో ఒక కాగితంతో కెమెరాల ముందుకొచ్చారు. తాము ప్రాక్టీసు చేయబోమంటూ ఆటగాళ్లు రాసిన ప్రకటన అది. దాన్ని ఆ కోచే చదివి వినిపించారు. ఒక జట్టు ఎలా విరిగిపోతుందో ప్రపంచం ప్రత్యక్ష ప్రసారంలో చూసింది.

దీనికి ముందురోజు ఫ్రాన్స్ క్రీడాపత్రిక ‘లెకీప్’ మొదటి పేజీలో ఒక బూతుమాట పతాకశీర్షికగా వచ్చింది. 17న మెక్సికోతో మ్యాచ్ విరామ సమయంలో డ్రెస్సింగ్ రూమ్‌లో స్ట్రైకర్ నికొలాస్ అనెల్కా కోచ్‌ను ఇలా తిట్టాడన్నది ఆ వార్త. అచ్చయిన మాటలు తనవి కావని అనెల్కా అన్నాడు. బహిరంగ క్షమాపణకు మాత్రం ఒప్పుకోలేదు. ఫెడరేషన్ అదే రోజు అతన్ని ఇంటికి పంపేసింది. విలేకరుల ముందుకొచ్చిన ఎవ్రా అసలు సమస్య అనెల్కా కాదన్నాడు, తమ మధ్యే ఉన్న ద్రోహి అన్నాడు. 22న ఫ్రాన్స్ 2-1తో దక్షిణాఫ్రికా చేతిలో ఓడింది. మూడు మ్యాచ్‌లకు ఒక్క పాయింటుతో గ్రూపులో అట్టడుగున నిలిచింది.

ఆ ‘ద్రోహి’ అన్న మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. మీడియా విమర్శ జట్టును ఎలా తాకుతుందన్న ప్రశ్నకు జవాబు అక్కడుంది. పత్రికలో ఘాటైన వ్యాసం వచ్చినంత మాత్రాన ఏ ఆటగాడూ పాస్ ఇవ్వడం మర్చిపోడు. నాలుగు గోడల మధ్య మాట మర్నాడు అచ్చులో కనిపిస్తే మాత్రం, ఆ గదిలో ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలవుతుంది. ఎవరు చెప్పారు? నిన్న రాత్రి ఫోనులో మాట్లాడింది ఎవరు? ఇంటి గుట్టు లంకకు చేటని మనవాళ్లు ఊరికే అనలేదు. అనుమానం మొదలైన చోట పదకొండు మంది ఉంటారు కానీ జట్టు ఉండదు.

పత్రిక రాయకపోతే ఫ్రాన్స్ గెలిచేదా? నేనలా అనుకోను. ఆ వార్త రాకముందే ఉరుగ్వేతో గోల్ లేని డ్రా, మెక్సికో చేతిలో 2-0 ఓటమి అయిపోయాయి. డొమెనెక్ తర్వాత ఆ కుర్చీ లారెంట్ బ్లాంక్‌దేనని కప్ మొదలుకాకముందే తేలిపోయింది. వెళ్లిపోయే కోచ్ మాటకు ఎంత బరువుంటుంది? 2006లో ఇదే డొమెనెక్ జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లారు. ఆ తర్వాత నాలుగేళ్లూ ఆయన జాతకాల పిచ్చి, మాటతీరు, టీవీలో చేసిన పెళ్లి ప్రతిపాదన దేశానికి రోజువారీ వినోదం. ఆటగాళ్లూ ఆ టీవీలే చూస్తారు, ఆ పత్రికలే చదువుతారు. ఊరంతా నవ్వే మనిషి బోర్డు మీద గీసే గీతల్ని ఇరవై మూడేళ్ల కుర్రాడు ఎంత శ్రద్ధగా చూస్తాడు? గోడ అప్పటికే బీట వారింది. పత్రిక ఆ బీటలో గునపం దించింది.

సరిగ్గా పన్నెండేళ్ల ముందు ఇదే పత్రిక ఇంకో కోచ్‌ను ఇంతకన్నా ఎక్కువగా వేటాడింది. ఆయన ఏమే జాకే. 1993 నవంబరులో బల్గేరియా చేతిలో ఓడి ఫ్రాన్స్ 1994 ప్రపంచకప్‌కు దూరమైంది. ఆ శిథిలాల మీద ఆయనకు జట్టును అప్పగించారు. జాకే పల్లెటూరి మనిషి, ఒకప్పుడు ఫ్యాక్టరీ కార్మికుడు. కోచ్‌గా బోర్డో క్లబ్బుకు మూడు లీగ్ టైటిళ్లు తెచ్చిన అనుభవం ఉంది. పేరున్న ఆటగాళ్లైన కాంటోనాను, జినోలాను పక్కనపెట్టారు. సొంతగడ్డపై ప్రపంచకప్ కాబట్టి అర్హత పోటీలు లేవు, స్నేహపూర్వక మ్యాచ్‌లే. అవి చప్పగా సాగాయి. 1998 మేలో 22 మందికి బదులు 28 మందితో జాబితా ప్రకటించేసరికి పత్రికలు భగ్గుమన్నాయి.

ఇంతవరకూ న్యాయమే. కాంటోనా ఎందుకు లేడు? గోల్ కొట్టేదెవరు? ఈ ప్రశ్నలు అడగకపోతే క్రీడాపేజీ ఎందుకు? కానీ రాతలు అక్కడ ఆగలేదు. ఆయన యాసను వెక్కిరించారు, మాట తడబడితే నవ్వారు. ఇంత నాటు మనిషి ఇంత పెద్ద కుర్చీకి తగునా అన్న ధోరణి రాజధాని మీడియాలో పాకింది. ఒక మనిషి పుట్టిన ఊరిని, పలికే పలుకును ఎగతాళి చేయడానికీ అతని 4-3-2-1ను తప్పుపట్టడానికీ ఎంత దూరమో వేరే చెప్పాలా? యాస పేరుతో సినిమాల్లో, టీవీల్లో నవ్వులపాలైన జిల్లాలు మనకూ ఉన్నాయి. ఆ నొప్పి తెలుగువాళ్లకు తెలియనిది కాదు.

జాకే క్లెయిర్‌ఫాంటేన్ శిబిరం తలుపులు బిగించుకున్నారు. ఆరుగురిని తీసేసి 22 మందిని ఉంచుకున్నారు. అప్పుడు తీసేసిన వారిలో పందొమ్మిదేళ్ల అనెల్కా ఒకడు. జూలై 12న ఫ్రాన్స్ 3-0తో బ్రెజిల్‌ను ఓడించి తొలిసారి కప్ గెలిచింది. లెకీప్ సంపాదకుడు తన పత్రికలోనే తప్పు ఒప్పుకున్నారు. జాకే మాత్రం వాళ్లను ఎన్నటికీ క్షమించనని బాహాటంగా అన్నారు, కప్ అందుకున్నాక పదవి వదిలేశారు. గెలిచిన కోచ్ గుండెలో సంతోషంతో పాటు అంత చేదు మిగలడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇక్కడే చాలామంది ఒక తప్పు పాఠం నేర్చుకుంటారు. తిట్లే జట్టును కలిపాయి, కాబట్టి తిట్టడం మేలే చేసిందని. దానికి తోడు 1982 ఇటలీని చూపిస్తారు. కోచ్ ఎంజో బేర్జోట్ ఇటలీ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టిన ప్రూజోను వదిలేసి, బెట్టింగ్ కుంభకోణంలో రెండేళ్ల నిషేధం ముగించుకుని అప్పుడే తిరిగొచ్చిన పాలో రోసీని తీసుకెళ్లారు. మొదటి రౌండులో పోలెండ్, పెరూ, కామెరూన్‌లతో మూడూ డ్రాలే. కామెరూన్ కన్నా ఒక్క గోల్ ఎక్కువ కొట్టారన్న లెక్కతో గట్టెక్కారు. పెరూ మ్యాచ్‌లో రోసీని విరామానికే బయట కూర్చోబెట్టారు. పత్రికలు బోనస్ డబ్బుల మీదా, చివరికి ఆటగాళ్ల వ్యక్తిగత జీవితాల మీదా రాయడం మొదలుపెట్టాయి. దాంతో జట్టు మొత్తం మీడియాతో మాట్లాడటం మానేసింది. నలభై ఏళ్ల గోల్‌కీపర్, కెప్టెన్ డినో జోఫ్ ఒక్కడే అందరి తరఫునా మాట్లాడేవాడు. అతనే అందరిలోకీ మితభాషి. ఆ తర్వాత అర్జెంటీనా ఓడింది. బ్రెజిల్ మీద రోసీ మూడు గోల్స్ కొట్టాడు, పోలెండ్ మీద రెండు, ఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద ఒకటి. ఇటలీ కప్ గెలిచింది.

కథ గొప్పదే. కానీ రోసీ గోల్స్ కొట్టింది పత్రికలు తిట్టినందుకు కాదు. మూడు మ్యాచ్‌ల్లో కాళ్లు కదలని ఆటగాణ్ని నాలుగో మ్యాచ్‌లోనూ ఆడించే ధైర్యం కోచ్‌కు ఉన్నందుకు, ఆ కోచ్‌ను ఆటగాళ్లు నమ్మినందుకు. ఆ నమ్మకం విమర్శలకు ముందే ఉంది. బేర్జోట్‌కూ జాకేకూ అది ఉంది, డొమెనెక్‌కు లేదు. అదే తిట్టు ఒక జట్టును బిగించి, ఇంకో జట్టును చీల్చడానికి తేడా అదే. పైగా మనకు గుర్తుండేవి గెలిచిన జట్లే. తిట్లు తిని ఓడిపోయిన జట్ల గురించి ఎవరూ కథలు చెప్పరు.

గ్రాహం టేలర్ సంగతే చూడండి. వాట్‌ఫర్డ్ క్లబ్బును నాలుగో డివిజన్ నుంచి మొదటి డివిజన్‌కు తెచ్చి, 1982-83లో రెండో స్థానంలో నిలిపిన మనిషి. ఇంగ్లండ్ కోచ్‌గా 1992 జూన్ 17న స్వీడన్‌తో యూరో మ్యాచ్ 1-1గా ఉండగా గ్యారీ లినేకర్‌ను బయటికి పిలిచారు. బాబీ చార్ల్టన్ 49 గోల్స్ రికార్డుకు ఒక్క గోల్ దూరంలో ఉన్న ఆటగాడికి అదే ఇంగ్లండ్ తరఫున చివరి ఆట అయింది. ఇంగ్లండ్ 2-1తో ఓడింది. గోల్ కావాల్సిన చోట గోల్ కొట్టేవాణ్ని తీశారేమని ఎంత గట్టిగా అడిగినా తప్పులేదు. కానీ ‘ది సన్’ పత్రిక అది అడిగి ఊరుకోలేదు, ఆయన తలను టర్నిప్ దుంపగా మార్చి అచ్చేసింది. స్పెయిన్ చేతిలో ఓడితే ఉల్లిగడ్డను చేసింది.

ఆ మరుసటి ఏడాది ప్రపంచకప్ అర్హత పోటీల్లో ఒక టీవీ బృందం టేలర్ వెంటే తిరిగి తీసిన డాక్యుమెంటరీ ఉంది. నెదర్లాండ్స్‌తో చావోరేవో మ్యాచ్‌కు ముందు విలేకరుల సమావేశం. ఒక విలేకరి ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. టేలర్ ఆటను వదిలేసి, కాస్త నవ్వవయ్యా, అంత దిగులెందుకు అంటూ అతన్ని బతిమాలినట్టు మాట్లాడతారు. పదకొండు మందికి ధైర్యం నూరిపోయాల్సిన మనిషి ఒక పత్రికా ప్రతినిధి ముఖకవళికల గురించి తాపత్రయపడుతున్నారు. విమర్శ జట్టులోకి వచ్చే రెండో దారి ఇది. కోచ్ మనసులో సగం చోటు రేపటి శీర్షిక ఆక్రమిస్తుంది. రోటర్‌డామ్‌లో ఇంగ్లండ్ 2-0తో ఓడింది, 1994 ప్రపంచకప్‌కు వెళ్లలేదు. రిఫరీ ఆ రోజు నెదర్లాండ్స్ డిఫెండర్ కూమన్‌కు రెడ్‌కార్డు చూపకపోవడం పెద్ద అన్యాయమే, ఓటమి మొత్తం పత్రికల ఖాతాలో వేయలేం. కానీ వాళ్లకూ అందులో వాటా ఉంది.

అలాగని మీడియా నోరు మూసుకోవాలా? ఎంతమాత్రం కాదు. భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా ఉన్న ఇగోర్ స్టిమాచ్ జట్టు ఎంపికలో జ్యోతిష్కుడి సలహా తీసుకున్నారని 2023 సెప్టెంబరులో ఒక జాతీయ పత్రిక బయటపెట్టింది. అది ఆయన సొంత నమ్మకం మీద ఎగతాళి కాదు, జట్టులో ఎవరుండాలో నిర్ణయించే పద్ధతి మీద ప్రశ్న. అలాంటి వార్త జట్టుకు నష్టం చేసినా రాయాల్సిందే.

మన దగ్గర జబ్బు ఇంకొకటి. ఓటమి వచ్చిన ప్రతిసారీ వేలు కోచ్ వైపే చూపిస్తాం, ఎందుకంటే ఆయన ఒక్కడు, కెమెరా ముందుంటాడు, తీసేయడం తేలిక. 2024 జూన్‌లో స్టిమాచ్ వెళ్లారు. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఇండియన్ సూపర్ లీగ్ టైటిల్ తెచ్చిన మనోలో మార్కెజ్ వచ్చారు. ఎనిమిది మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచి ఆయనా ఏడాదికే వెళ్లిపోయారు. మన హైదరాబాద్‌లో కప్ గెలిచిన చేతులకు ఢిల్లీలో వాతం వచ్చిందా? జాతీయ జట్టుతో పాటు గోవా క్లబ్బునూ ఆయనే చూసుకునేలా ఒప్పందం చేసుకున్నది ఫెడరేషన్. పిల్లల లీగ్‌లు ఎన్ని జిల్లాల్లో జరుగుతున్నాయి, మైదానాలు ఎన్ని మిగిలాయి అన్న ప్రశ్నలు ఆ ఫెడరేషన్‌నూ రాష్ట్ర సంఘాలనూ అడగాలి. అవి అడగాలంటే ఊళ్లు తిరగాలి, లెక్కలు తీయాలి. కోచ్ మీద రాయడానికి స్కోరు చాలు. క్రీడాపేజీలు రాసే మేమంతా ఈ తేలికదారిని వదులుకోవాలి.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. కోచ్ హైదరాబాద్‌కు చెందిన ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఇవాళైతే ఆ స్కోరు తర్వాత ఏ కోచ్ అయినా మిగులుతాడా? అదే రహీం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానానికి తీసుకెళ్లారు. 1962 సెప్టెంబరు 4న, జకార్తాలో భారత్‌కు వ్యతిరేకంగా హోరెత్తిన స్టేడియంలో, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చారు. మరుసటి ఏడాది క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.