చుట్టాలకు టిఫిను పెట్టే ముందు గడియారం చూడండి

"వచ్చే ఆదివారం పొద్దున్నే మా వియ్యాలవారు పదిహేనుమంది వస్తున్నారు. టిఫినుకి ఏమేం పెడితే బాగుంటుందంటారు డాక్టరుగారూ?" అని మొన్న ఒక ఇల్లాలు నన్నడిగారు. వాళ్లమ్మాయి ఏదో కొత్త ఫాషను చెప్పిందట. బల్ల మీద పెద్ద చెక్కపలక వేసి ఇడ్లీలు, గారెలు, చట్నీ గిన్నెలు, కోసిన పళ్లు, ఉడికించిన గుడ్లు, రొట్టెముక్కలు, జీడిపప్పు అన్నీ ఒక్కసారే అందంగా సర్దేస్తారట. వచ్చినవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని తింటారట.

ఆలోచన మంచిదే. వద్దు మొర్రో అంటున్నా వినకుండా "నా మీద ఒట్టు, ఇంకొక్క గారె" అని ప్లేటులో పడేసే మన మర్యాదకన్నా వెయ్యిరెట్లు నయం. ఏమేం పెట్టాలో ఆవిడకు తెలిసినంత నాకు తెలియదు. అందుకని నేను అడిగింది ఒక్కటే. "బల్ల ఎన్నింటికి సర్దుతారు? చివరివాళ్లు ఎన్నింటికి తింటారు?"

"ఏడింటికల్లా సర్దేస్తామండీ. పదకొండు దాకా తింటూనే ఉంటారు."

నాకు వెంటనే ఒక నిశ్చితార్థం గుర్తొచ్చింది. కొన్నేళ్ల క్రితం ఒక చిన్న పట్టణంలో నేను పనిచేస్తుండగా జరిగిందది. మధ్యాహ్నం ఒంటిగంట వేళ ఒకే ఇంటినుంచి పధ్నాలుగుమందిని ఆస్పత్రికి తీసుకొచ్చారు. అందరికీ వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. జ్వరం మాత్రం ఎవరికీ లేదు. పొద్దున తొమ్మిదింటికి టిఫిను తిన్నారు, పన్నెండు కాకుండానే మొదలైంది. మగపెళ్లివారి పెద్దాయన ఒకాయన సెలైను ఎక్కుతుండగానే "సంబంధం ఇష్టం లేకపోతే చెప్పొచ్చుగా, ఇలా విషం పెట్టాలా?" అని అరుస్తున్నాడు. ఆడపిల్ల తండ్రి వరండాలో తల పట్టుకుని కూర్చున్నాడు.

అందరూ నెయ్యినే అనుమానించారు, కల్తీదై ఉంటుందని. నేను మంచం మంచానికీ వెళ్లి ఎవరెవరు ఏమేం తిన్నారో అడిగి రాసుకున్నాను. ఆ తర్వాత, జబ్బు పడకుండా తోడు వచ్చినవాళ్లను అడిగాను. అసలు సంగతి అక్కడ తేలింది. కొబ్బరి పడదని ఒక ముసలావిడ ఇడ్లీలు కారప్పొడితో తిన్నది, అదే నెయ్యి వేసుకుని. ఆవిడ నిక్షేపంలా ఉంది. పంచదార అద్దుకుని తిన్న పిల్లలకూ ఏమీ కాలేదు. మంచాన పడ్డ పధ్నాలుగుమందీ కొబ్బరిచట్నీ వేసుకున్నవాళ్లే.

ఆ చట్నీ తెల్లవారుజామున నాలుగింటికి రుబ్బినది. వంటమనిషికి రెండురోజుల ముందు కొబ్బరి కోరుతుంటే వేలు తెగి చీము పట్టింది. దానికి గుడ్డపీలిక చుట్టుకునే పని చేశాడు. చట్నీని పరీక్షకు పంపుదామంటే అప్పటికే గిన్నె కడిగి బోర్లించేశారు. కనుక రుజువు లేదు, కాని నాకు సందేహం లేదు.

చీములోనూ, ఆరోగ్యంగా ఉన్న చాలామంది ముక్కులోనూ స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మక్రిమి ఉంటుంది. తేమ, గోరువెచ్చదనం దొరికితే ఇటువంటి క్రిములు సుమారు ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపు కాగలవు. లెక్క వేసుకోండి. ఒకటి నాలుగు గంటల్లో 4,096 అవుతుంది, ఆరు గంటల్లో 2,62,144. ఆ పెరగడంలో అది ఒక విషాన్ని వదులుతుంది. దానివల్ల చట్నీ రంగు మారదు, వాసన రాదు, రుచి చెడదు. అందుకే "నేను రుచి చూశాను, బాగానే ఉంది" అన్న మాటకు విలువలేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. మళ్లీ కాచితే క్రిమి చస్తుంది గాని ఆ విషం పోదు.

మరి ఇడ్లీ ఎందుకు మంచిది, చట్నీ ఎందుకు చెడ్డది? ఇడ్లీపిండి పులిసి ఆమ్లం తయారవుతుంది, ఆపైన ఆవిరిలో ఉడుకుతుంది, వేడిగా తింటాం. కొబ్బరిచట్నీకి పులుపు తక్కువ, నీరు ఎక్కువ, పొయ్యి ఎక్కదు. "పోపు పెట్టాంగా" అంటారు. గరిటెడు పోపు బేసినుడు చట్నీని వేడి చేస్తుందా? పైన చుయ్యిమంటుంది, అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ఆహార భద్రతకు అయిదు సూత్రాలు ప్రకటించింది. వాటిలో ఒకటి, వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచవద్దని. వేడిది 60 డిగ్రీలకు పైన ఉండాలి, చల్లటిది 5 డిగ్రీలకు లోపల ఉండాలి. నడిమధ్య ఉన్నదంతా క్రిములకు పండగే. మన మే నెల ఎండల్లో ఆ రెండు గంటల్ని గంటగానే లెక్కపెట్టుకోండి. హాట్‌కేసులో ఉంది కదా అని ధీమా వద్దు. మూత తీస్తే ఆవిరి రావాలి. చల్లారి గోరువెచ్చబడ్డ ఉప్మాకు హాట్‌కేసు పొదిగే కోడిపెట్ట లాంటిది.

కాబట్టి ఆవిడకు నేను చెప్పింది ఇది. పలక వెయ్యండి, కాని నింపెయ్యకండి. ఇడ్లీలు రెండు మూడు వాయిలుగా, మనుషులు కూర్చున్నాక దింపండి. చట్నీ సగం కొబ్బరితో ముందు చెయ్యండి, మిగతా సగం కొబ్బరి ఫ్రిజ్‌లో ఉంచి తొమ్మిదింటికి రుబ్బండి. రెండోది కొత్త గిన్నెలో పెట్టాలి. పాత చట్నీ అడుగున ఉండగా పైన కొత్తది పోస్తే కష్టమంతా వృథా. రుబ్బేటప్పుడు కాచి చల్లార్చిన నీళ్లు పొయ్యండి. చేతికి పుండో, తెగిన గాయమో ఉన్నవాళ్లను ఆ రోజుకు కాఫీ కప్పులు అందించమనండి, వంట జోలికి రానివ్వకండి.

పలక నిండుగా కనిపించాలంటే దారి లేకపోలేదు. కారప్పొడి, కందిపొడి, నువ్వులపొడి, ఆవకాయ, వేయించిన వేరుశెనగపప్పు, జీడిపప్పు ఇవి మధ్యాహ్నం దాకా ఉన్నా చెక్కుచెదరవు. నీరు లేకపోవడమో, ఉప్పూ నూనే ఉండడమో వాటికి రక్ష. అరటిపళ్లు, కమలాపళ్లు తొక్కతోనే పెట్టండి. బొప్పాయి, పుచ్చకాయ కడిగి, తినేముందే కోయండి. గుడ్లు పెంకుతో పెడితే ఎవరికి వారే ఒలుచుకుంటారు. పులిహోర చేసే ఉద్దేశముంటే అన్నం పొద్దున్నే వండాలి. రాత్రి వండి తెల్లవార్లూ గిన్నెలోనే ఉంచిన అన్నంలో మరోరకం క్రిమి లేస్తుంది. దాని బీజాలు ఉడికినా చావవు.

ఇంతవరకూ తిండి గడియారం. తినేవాడి గడియారం వేరే ఉంది. ఒక పెళ్లిచూపులనాడు పిల్ల మేనమామ పొద్దున్నే అలవాటుగా షుగరు మాత్ర వేసుకున్నాడు. మగపెళ్లివారు రాకుండా ఎలా తింటామని ఆగాడు. ఎనిమిదికి రావలసినవాళ్లు పదిన్నరకు వచ్చారు. అప్పటికి ఆయనకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడుతోంది. వచ్చినవాళ్లు తాగాడేమో అనుకున్నారు! అదృష్టవశాత్తూ ఎవరో గుర్తుపట్టి పంచదార నీళ్లు తాగించారు.

ఇన్సులిను తీసుకునేవాళ్లూ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకునేవాళ్లూ మందు వేసుకున్నాక తిండి ఆపకూడదు. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. చుట్టాల్లో షుగరున్నవాళ్లెవరో ముందే కనుక్కుని, రాగానే చాటుగా రెండిడ్లీలు పెట్టండి. అది అమర్యాద కాదు. పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే, తెలివిలో ఉన్నవారికి మూడు టీచెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. తేరుకోగానే టిఫిను పెట్టండి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఎవరికైనా వాంతులు, విరేచనాలు పట్టుకుంటే కంగారుపడి మందులషాపుకు పరుగెత్తి ఏవో క్యాప్సూల్సు మింగించకండి. చాలావాటికి అవి అక్కర్లేదు. ఓఆర్ఎస్ పొట్లం, దానిమీద రాసినన్ని నీళ్లలోనే కలిపి, కొంచెం కొంచెంగా తాగించండి. పొట్లం దొరకకపోతే లీటరు మంచినీళ్లకు ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, చెంచాకు అంచు సమంగా కొలిచి వెయ్యండి. పసిపిల్లలు, వృద్ధులు, గర్భిణులు అయినా, విరేచనంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, తాగింది తాగినట్టే కక్కుతున్నా ఇంట్లో ఉంచవద్దు.

ఆ ఇల్లాలు అంతా విని, "మరి మిగిలిన చట్నీ?" అన్నారు. బల్ల మీద ఉన్నది పారబొయ్యాలి. ఫ్రిజ్‌లోంచి తియ్యనిది రేపటి దోసెలకు పనికొస్తుంది.