బోర్డో టికెట్ కంటే ముందు మేడ్చల్ బస్సెక్కండి

యూరప్ వెళ్తున్న మన తరం ఇప్పుడు పారిస్‌తో ఆగట్లేదు. పేట్ బషీరాబాద్, కొంపల్లి, సుచిత్ర అపార్ట్‌మెంట్లలో కూర్చుని వేసే ప్లాన్లలో కూడా బోర్డోకి రెండు రోజులు దొరుకుతున్నాయి. మంచిదే. 2017లో హైస్పీడ్ లైను పూర్తయ్యాక పారిస్ నుంచి రైల్లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం, అంతే. అసలు తిప్పలన్నీ అంతకు ముందే: 90 యూరోల వీసా ఫీజు, 30,000 యూరోల బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అపాయింట్‌మెంటు కోసం పడిగాపులు.

ఇన్ని తిప్పలు పడి వెళ్లి చేసేదేంటి? అందరి ప్లానూ ఒకటే. మొదటి రోజు నది ఒడ్డున నీటి అద్దం మీద నిలబడి ఫొటో. సాయంత్రం 2016లో తెరిచిన వైన్ మ్యూజియం, దాని పై అంతస్తులో ఒక గ్లాసు. రెండో రోజు మినీ బస్సులో సాంతెమిలియాన్ అనే ఊరు, ఇంకో మూడు గ్లాసులు, సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టుకోవడానికి ఒక సీసా. అయిపోయింది. తిరిగొచ్చాక ‘అక్కడి మట్టి రుచి’ గురించి ఒక పోస్టు.

ఈ ప్లాన్ తప్పంటాను. ఖర్చు గురించి కాదు, తాగుడు గురించి అసలే కాదు. మట్టి రుచి అని అంత తేలిగ్గా అనేస్తున్నవాళ్లు ఏ మట్టి మీద పడుకుని లేస్తున్నారో కనుక్కోలేదు. నా అభ్యంతరం అదొక్కటే.

మేడ్చల్, శామీర్‌పేట అంటే ద్రాక్షతోటలు. ఈ రెండూ ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో ఉన్న రోజుల్లో ఆ జిల్లాకి ద్రాక్షతో పెద్ద పేరుండేది. రాతి కడీలు పాతి, తీగ లాగి, తలెత్తితే తగిలేంత ఎత్తులో పందిళ్లు వేసేవాళ్లు. వాటికింద అనాబ్-ఎ-షాహీ గుత్తులు వేలాడేవి. తేనెరంగులో, వేలెడు పొడవుతో, పేరులోనే రాజసం ఉన్న హైదరాబాదీ రకం అది. బోర్డోలో తీగ చలికి నిద్రపోతుంది, కాబట్టి ఏడాదికి ఒక్క కత్తిరింపు చాలు. మన దగ్గర తీగకి నిద్ర లేదు. అందుకే వేసవిలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కత్తిరించి, రెండో కత్తిరింపు మీద పంట తీయడం నేర్చుకున్నారు. చలిదేశపు తీగని దక్కన్ ఎండకి అలవాటు చేసిన విద్య ఇది. దీని గురించి మనం ఒక్క వ్యాసమైనా రాసుకున్నామా?

ఇంకో సంగతి. మనకంటే ముందే మేడ్చల్ రైతు నోట్లో బోర్డో పేరు ఉంది. బోర్డో మిశ్రమం అని ఏ ద్రాక్షరైతుని అడిగినా చెప్తాడు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. సరిగ్గా కలిసిందా లేదా అని ఇనుప కత్తి ముంచి చూస్తారు. కత్తి మీద ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదని అర్థం. బోర్డో దగ్గరి మెదోక్‌లో, దారినపోయేవాళ్లు పళ్లు తెంపకుండా రోడ్డు పక్క తీగల మీద ఇదే చల్లేవాళ్లు. ఆ తీగలకి మాత్రం బూజు తెగులు రాకపోవడం 1882లో మిలార్దే అనే బోర్డో ప్రొఫెసర్ గమనించాడు. 1885కల్లా అది ప్రపంచానికి మందయింది. ఆ తెగులంటే మన అనాబ్-ఎ-షాహీకి ప్రాణగండం. అంటే ఆ ఊరికీ ఈ ఊరికీ చుట్టరికం కలిసింది సీసాతో కాదు, స్ప్రేయరుతో. ఈ సంగతి తెలిసినవాడు బోర్డో వెళ్లడు. వెళ్లేవాడికి ఈ సంగతి తెలియదు.

‘సరే, తోటలు పోయాయి. ఊరు పెరిగితే తోటలు పోవా?’ అంటారు. అలా అనేవాళ్ల కోసమే బోర్డోలో ఒక చోటు ఉంది. మినీ బస్సు ప్లాన్లలో దాని పేరు పెద్దగా కనబడదు. ట్రామ్ బి లైను ఎక్కితే పెస్సాక్ దాకా వెళ్తుంది. పెస్సాక్ అంటే బోర్డోకి మన కొంపల్లి లాంటిది: ఇళ్లు, రోడ్లు, యూనివర్సిటీ, ట్రాఫిక్. వాటి మధ్యలో షాటో ఓ-బ్రియాఁ తోట ఉంది. 1855 వర్గీకరణలో మొదటి శ్రేణికెక్కిన తోట ఇది. నగరం దాన్ని నాలుగు వైపులా చుట్టుముట్టింది గానీ మింగలేదు. చుట్టుపక్కల మిగిలిన తోటలు కూడా నగరం ఒత్తిడికి నలుగుతుంటే, 1987లో పెస్సాక్-లెయోన్యాఁ పేరుతో వాటికి విడిగా ఒక ప్రాంతీయ గుర్తింపు తెచ్చుకున్నారు. లోపలికి వెళ్లకపోయినా పర్లేదు, రోడ్డు మీద నిలబడి చూసినా చాలు. ఒక పక్క బస్సు పోతుంటుంది, ఇంకో పక్క తీగ. మేడ్చల్ హైవే మీద ఇలాంటి దృశ్యం ఒక్కటైనా మిగలాల్సింది కదా అనిపించకపోతే, ఆ టికెట్ డబ్బులు దండగే.

‘మన రైతులకి గిట్టలేదు, అమ్ముకున్నారు. నువ్వెవరు అడగడానికి?’ ఇది బలమైన ప్రశ్నే. బోర్లు ఎండాయి, తెగుళ్లు ముదిరాయి, కూలీలు దొరకలేదు. ఎకరం ధర ముందు పదేళ్ల పంట కూడా చిన్నబోయింది. అమ్ముకున్న రైతుని ఒక్క మాట అనే హక్కు అపార్ట్‌మెంటులో ఉండే ఎవరికీ లేదు. కానీ గిట్టకపోవడం అక్కడా ఉంది. వైన్ అమ్ముడుపోక, 2023లో బోర్డో చుట్టూ సుమారు 9,500 హెక్టార్ల తోటలు పీకేయడానికి ప్రణాళిక వేశారు. హెక్టారుకి 6,000 యూరోల సాయం. తేడా ఎక్కడుందంటే షరతులో ఉంది. ప్రభుత్వ సాయం కావాలంటే ఆ నేలని 20 ఏళ్లు ప్రకృతికి వదిలేయాలి. లేదంటే ఇంకో సాయం కింద వేరే పంటకి మళ్లాలి. తీగ పోతుంది, నేల మాత్రం నేలగానే మిగులుతుంది. మన దగ్గర? 2006 చట్టం కింద రుసుము కట్టి నాలా కన్వర్షన్ చేయించుకుంటే చాలు, పొలం పొలం కాకుండా పోతుంది. కడీలు పీకిన గుంతల్లోనే ప్లాట్ల హద్దురాళ్లు దిగుతాయి. రైతు ముందు ప్లాటు తప్ప ఇంకో దారి పెట్టలేదు మనం. నా కోపం అమ్మిన రైతు మీద కాదు, ఆ ఒక్క దారిని ‘అభివృద్ధి’ అని పిలవడం నేర్చుకున్న మన మీద.

ఇంకొందరు ఇంకో వాదం తెస్తారు: మనకి వైన్ సంస్కృతే లేదు, రుచి తెలుసుకోవాలంటే అక్కడికే పోవాలి అని. వైన్ దొరకని దుకాణానికి కూడా ‘వైన్స్’ అని బోర్డు పెట్టే రాష్ట్రంలో ఉన్నాం కాబట్టి కొంత నిజమే. కానీ కల్లు కాంపౌండులో కూర్చున్న పెద్దమనిషిని అడగండి. ఇది పొద్దాటిదా పరుపుదాటిదా, ఏ చెట్టుది, పొద్దున దించిందా సాయంత్రం దించిందా, గుక్క తాగి చెప్తాడు. దానికి ఫ్రెంచి పేరు లేకపోవడమే ఆయన చేసిన నేరం.

ఇదంతా చెప్పి బోర్డోని నెత్తిన పెట్టుకోమనట్లేదు. ఆ నది ఒడ్డు మేడలు వైన్ ఒక్కదానితో లేవలేదు. ఫ్రాన్సులో బానిసల వ్యాపారానికి నాంత్ తర్వాత పెద్ద రేవు బోర్డోయే. అక్కడి అక్వితేన్ మ్యూజియంలో ఆ చరిత్రకి గదులే ఉన్నాయి. నీటి అద్దంలో మేడ నీడ ఫొటో తీసుకునేవాళ్లు ఆ గదులు చూశాకే తీసుకుంటే బాగుంటుంది.

కాబట్టి వెళ్లండి. కానీ ప్లాన్ మార్చండి. మొదటి పూట పెస్సాక్, మధ్యాహ్నం అక్వితేన్ మ్యూజియం. రెండో రోజు సాంతెమిలియాన్‌కి వెళ్లినా, అక్కడి గైడుని గ్లాసు గురించి కాకుండా నేల గురించి అడగండి. 1999లో యునెస్కో జాబితాకెక్కింది ఆ ఊరి మేడలు మాత్రమే కాదు, తోటలతో సహా ఆ నేలంతా. ఎవరు కాపాడుతున్నారు, ఏ చట్టంతో, ఎవరి ఖర్చుతో, ఎవరికి నష్టంతో? నాలుగు ప్రశ్నలు. గ్లాసు అక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు.

వీటన్నిటికంటే ముందు, వీసా అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూసే వారాల్లోనే ఒక ఆదివారం తీయండి. ఫిబ్రవరి, మార్చి నెలలైతే మరీ మంచిది. శామీర్‌పేట, మేడ్చల్ లోపలి ఊళ్లలో మిగిలిన కొద్ది తోటలు కాపు మీద ఉంటాయి. కొన్నిచోట్ల మనల్నే కోసుకోనిచ్చి తూకం వేసి ఇస్తారు. పందిరి కింద నిలబడి, బోర్డో మిశ్రమం ఎలా కలుపుతారో ఆ రైతుని అడగండి. పక్క తోట ఎప్పుడు ప్లాట్లయిందో కూడా అడగండి. ఈ రెండు జవాబులూ చేతిలో లేకుండా ఫ్రాన్సు వెళ్లి మట్టి రుచి గురించి మాట్లాడితే, ఆ మాటకి సీసా మీది లేబులంత విలువ కూడా ఉండదు. లేబుల్ మీద కనీసం ఊరి పేరుంటుంది.